ఎక్కడికో చెప్పని ఓటు

యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడికలో 58వ అధికరణ చాలా చిన్నది. బయటికి పోదలచిన దేశం ఆరు నెలల ముందు నోటీసు ఇస్తే చాలంటుంది. కారణం చెప్పనక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1953లో ఆ ఒడంబడిక అమల్లోకి వచ్చిన నాటి నుంచి అందులోంచి పోయిన దేశాలు రెండే. సైనిక నియంతల ఏలుబడిలో ఉన్న గ్రీస్ 1969లో తనంతట తానే నోటీసిచ్చి పోయింది. ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక 1974లో మళ్లీ చేరింది. ఉక్రెయిన్ మీద దండెత్తిన రష్యాను 2022లో వెళ్లగొట్టారు. మూడో దేశంగా బ్రిటన్‌ను బయటికి తీసుకుపోతామని ఇప్పుడు అక్కడి రెండు పార్టీలు మాటిచ్చాయి. 2025 ఆగస్టులో రిఫార్మ్ యూకే నాయకుడు నైజెల్ ఫరాజ్ ఆ మాట అన్నారు. అక్టోబరులో కన్సర్వేటివ్ నాయకురాలు కెమీ బేడనాక్ తమ పార్టీదీ అదే విధానమని ప్రకటించారు.

నా పని ఒప్పందాల పాఠాలు చదవడం, చదివించడం. ఏ దేశం ఏ కూటమిలో ఉండాలో, ఎందులోంచి పోవాలో చెప్పే హక్కు నాకు లేదు. అది ఆ దేశ ప్రజలది. నన్ను భయపెడుతున్నది వేరే. బ్రిటన్ ఇంతకుముందు ఒక కూటమి నుంచి ఎలా బయటపడిందో చెప్పే కాగితాలన్నీ మన ముందున్నాయి. చట్టాలున్నాయి, తీర్పులున్నాయి, పార్లమెంటులో పడిన ఓట్ల లెక్కలున్నాయి, ఆడిట్ నివేదికలున్నాయి. పొరపాటు ఎక్కడ మొదలైందో వాటిలో స్పష్టంగా కనిపిస్తుంది. ఇప్పుడిస్తున్న మాటల్లోనూ అదే పొరపాటు, అదే చోట ఉంది.

యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగిన ఆ బ్రెగ్జిట్ అనగానే మనకు గుర్తొచ్చేది వరసగా మారిన ప్రధానమంత్రులు, అర్ధరాత్రి దాకా సాగిన పార్లమెంటు గొడవలు. 2016 జూన్ 23న ఓటరు చేతికొచ్చిన కాగితం ఎలా ఉందో గుర్తున్నవాళ్లు తక్కువ. దాని మీద ఒక్కటే ప్రశ్న: యునైటెడ్ కింగ్‌డమ్ యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశంగా ఉండాలా, బయటికి రావాలా? ఉంటే ఏముంటుందో అందరికీ తెలుసు. అప్పటికి నలభై మూడేళ్లుగా ఉన్నదే. వస్తే ఎక్కడికి చేరతారో ఆ కాగితం మీద లేదు, దాని వెనకున్న 2015 నాటి చట్టంలోనూ లేదు. చట్టరీత్యా ఆ ఓటు సలహా మాత్రమే. 'బయటికి' అనే జవాబు వస్తే ప్రభుత్వం ఏం చేయాలో అందులో ఒక్క వాక్యం రాయలేదు.

బ్రిటన్‌కు ఇది చేతకాక కాదు. ఎన్నికల విధానం మార్చాలా వద్దా అని 2011లో రెఫరెండం పెట్టినప్పుడు, ప్రజలు సరేనంటే అమల్లోకి రావలసిన నిబంధనలన్నీ ముందే చట్టంలో రాసిపెట్టారు. 2014లో స్కాట్లాండ్ స్వాతంత్ర్యంపై ఓటింగుకు ముందు అక్కడి ప్రభుత్వం కరెన్సీ దగ్గర్నుంచి పెన్షన్ల దాకా ఆరు వందల పేజీలకు పైబడిన పత్రం అచ్చువేసింది. దాన్ని నమ్మనివాళ్లు నమ్మలేదు, కానీ వాదించడానికి చేతిలో ఒక పాఠం ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే, 1979లో స్కాట్లాండ్‌కు సొంత అసెంబ్లీ కావాలా అని అడిగినప్పుడు, మొత్తం ఓటర్లలో కనీసం 40 శాతం మంది 'అవును' అనాలని షరతు పెట్టారు. పోలైన ఓట్లలో 51.6 శాతం 'అవును' అన్నారు. మొత్తం ఓటర్లలో అది 33 శాతం కూడా కాలేదు కాబట్టి అసెంబ్లీ రాలేదు.

2016లో అలాంటి షరతేమీ లేదు. బయటికి రావాలన్నవాళ్లు 1,74,10,742 మంది, ఉండాలన్నవాళ్లు 1,61,41,241 మంది. శాతాల్లో 51.9, 48.1. నమోదైన ఓటర్లందరితో పోలిస్తే గెలిచిన పక్షం వాటా దాదాపు 37 శాతం. ఇంగ్లండ్, వేల్స్ బయటికన్నాయి. స్కాట్లాండ్‌లో 62 శాతం, ఉత్తర ఐర్లాండ్‌లో దాదాపు 56 శాతం ఉండాలన్నారు. నాలుగు భాగాల దేశం రెండుగా చీలింది.

ఓటేసినవాళ్లను తప్పు పట్టడం నాకు ఇష్టం లేదు, న్యాయమూ కాదు. 'బయటికి' అన్న ఓటు దేశంలోకెల్లా ఎక్కువగా పడింది లింకన్‌షైర్‌లోని బోస్టన్‌లో, 75.6 శాతం. కూరగాయల పొలాలు, ప్యాకింగ్ షెడ్లు ఉన్న ఊరు. తూర్పు యూరప్ నుంచి కూలీలు పెద్దసంఖ్యలో వచ్చాక అద్దెలు పెరిగాయని, ఆసుపత్రిలో, బడిలో చోటు దొరకడం లేదని అక్కడివాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. లండన్‌లో వినిపించుకున్నవాళ్లు లేరు. వాళ్ల చేతికి దొరికిన మొదటి ఆయుధం ఆ ఓటే. వాళ్ల కోపం నిజం. ఆ కోపాన్ని వాడుకున్నవాళ్లు దానికి బదులుగా ఏమిస్తామో రాసివ్వలేదు. తప్పు అక్కడుంది.

రాసివ్వకపోవడం వెనక లెక్క ఉంది. బయటికి పోదామన్న శిబిరంలోనే కొందరు నార్వేలా సింగిల్ మార్కెట్‌లో ఉంటూ యూనియన్ బయట ఉందామన్నారు. కొందరు కెనడాలా మామూలు వాణిజ్య ఒప్పందం చాలన్నారు. ఇంకొందరు ఏ ఒప్పందమూ వద్దన్నారు. పథకం ఏదో ఒకటి కాగితం మీద పెట్టిన మరుక్షణం ఆ శిబిరం ముక్కలయ్యేది. కాబట్టి పెట్టలేదు. ఒక ఎర్ర బస్సు మీద మాత్రం ఒక అంకె పెట్టారు: వారానికి 35 కోట్ల పౌండ్లు యూనియన్‌కు పంపుతున్నామని. బ్రిటన్‌కు దక్కే రాయితీని అందులోంచి తీసేయలేదు. అది తీసేస్తే దాదాపు 25 కోట్లు. ఆ అంకె జనాన్ని తప్పుదోవ పట్టిస్తోందని దేశ గణాంక ప్రాధికార సంస్థ ప్రచారం నడుస్తుండగానే చెప్పింది. బస్సు తిరుగుతూనే ఉంది.

ప్రభుత్వమూ సిద్ధంగా లేదు. ఓడిపోతే ఏం చేయాలో ఆలోచించి పెట్టమని ప్రధాని డేవిడ్ కామెరాన్ అధికారులకు చెప్పలేదు. కామన్స్ సభ విదేశీ వ్యవహారాల కమిటీ 2016 జులైలో దీన్ని ఘోరమైన నిర్లక్ష్యమని రాసింది. అప్పటికే కామెరాన్ రాజీనామా చేశారు.

తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. యూనియన్ ఒప్పందంలోని 50వ అధికరణ ప్రకారం నోటీసిచ్చిన రోజు నుంచి రెండేళ్ల గడువు నడవడం మొదలవుతుంది. ఆ గడువే బ్రిటన్ చేతిలోని ఒకే ఒక బలం. ఎప్పుడు మొదలుపెట్టాలో తన ఇష్టం. ఎక్కడికి పోవాలో మంత్రివర్గంలోనే ఏకాభిప్రాయం లేకుండా కొత్త ప్రధాని థెరిసా మే 2017 మార్చి 29న నోటీసిచ్చేశారు. చేరాల్సిన ఇల్లు చూసుకోకుండా ఉన్న ఇంటి ఓనరుకు ఖాళీ చేస్తున్నామని తేదీ రాసిచ్చినట్టయింది. అంతకు ముందు కూటమిని విడిచిన గ్రీన్‌లాండ్ అనుభవం కళ్లముందే ఉంది. యాభై వేల జనాభా, తేల్చుకోవలసిన ముఖ్య విషయం చేపల వేట ఒక్కటే. 1982 ఫిబ్రవరిలో ఓటేస్తే బయటపడేసరికి 1985 ఫిబ్రవరి వచ్చింది. ఆరున్నర కోట్ల జనాభా, నాలుగు దశాబ్దాల చట్టాలు పెనవేసుకున్న దేశం రెండేళ్లు చాలనుకుంది.

ఆ రెండేళ్లలో తేలని పెద్ద చిక్కు ఐర్లాండ్‌కూ, బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లాండ్‌కూ మధ్య సరిహద్దు. ఐర్లాండ్‌లో మోనహన్ కౌంటీలోని క్లోన్స్ నుంచి కావన్ వైపు పోయే రోడ్డుంది. కొద్ది కిలోమీటర్లలో అది నాలుగుసార్లు దేశం మారుతుంది. ఐర్లాండ్‌లో మొదలై బ్రిటన్‌లోకి, మళ్లీ ఐర్లాండ్‌లోకి, మళ్లీ బ్రిటన్‌లోకి పోయి చివరికి ఐర్లాండ్‌లో తేలుతుంది. రోడ్డు పక్క గీత రంగు, వేగం బోర్డు మీద మైళ్లా కిలోమీటర్లా అన్న తేడా, వీటిని బట్టి మాత్రమే ఏ దేశంలో ఉన్నామో తెలుస్తుంది. ఆ సరిహద్దు పొడవు సుమారు 500 కిలోమీటర్లు, దాన్ని దాటే రోడ్లు రెండు వందలకు పైనే. కొందరి పొలం ఒక దేశంలో, ఇల్లు ఇంకో దేశంలో. ఉత్తరాన పితికిన పాలలో మూడోవంతు దాకా దక్షిణాన డెయిరీలకు వెళ్తాయి. ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో ఉండాలా, ఐర్లాండ్‌లో కలవాలా అన్న తగవుతో సాగిన మూడు దశాబ్దాల హింసాకాండలో ఈ రోడ్లలో చాలావాటిని సైన్యం పేల్చేసింది, సిమెంటు దిమ్మలతో మూసేసింది. రాత్రుళ్లు ఊరివాళ్లు వచ్చి పూడ్చుకునేవారు. దాదాపు మూడున్నర వేల మంది చనిపోయాక, 1998 ఏప్రిల్ 10న గుడ్‌ఫ్రైడే ఒప్పందం కుదిరింది. అప్పటికే సింగిల్ మార్కెట్ వల్ల కస్టమ్స్ గదులు పోయాయి. ఒప్పందం తర్వాత సైనికుల కాపలా బురుజులూ పోయాయి.

ఆ 1998 ఒప్పందం మీద కూడా రెఫరెండం పెట్టారు. ఓటింగుకు ముందు ఒప్పందం పూర్తి పాఠాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేసి ఉత్తర ఐర్లాండ్‌లో ఇంటింటికీ పంపారు. జనం చదివారు, తిట్టుకున్నారు, పబ్బుల్లో, చర్చిల్లో వాదించుకున్నారు, చివరికి 71 శాతం మంది సరేనన్నారు. బాంబుల మధ్య బతికిన సమాజమే అంత జాగ్రత్తగా ఓటు అడగగలిగితే, ప్రశాంతంగా ఉన్న దేశం పద్దెనిమిదేళ్ల తర్వాత అలా ఎందుకు అడగలేకపోయింది?

2017 జనవరిలో లాంకాస్టర్ హౌస్ ప్రసంగంలో థెరిసా మే సింగిల్ మార్కెట్ నుంచీ, కస్టమ్స్ యూనియన్ నుంచీ బయటికి వస్తామన్నారు. అంటే రెండు వేర్వేరు నిబంధనల మధ్య ఎక్కడో ఒకచోట తనిఖీలుండాలి. ఐర్లాండ్ భూమ్మీద తనిఖీ పెట్టమని ఒక మాట. ఉత్తర ఐర్లాండ్‌కూ మిగతా బ్రిటన్‌కూ మధ్య సముద్రం మీద పెట్టమని ఇంకో మాట. ఈ మూడూ కలిసి నిలబడవు. ఏ రెండు నిలబెట్టాలన్నా మూడోది వదులుకోవాలి. వాణిజ్య చట్టం తెలిసినవాళ్లు దీన్ని మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నారు. 2016 ప్రచారంలో ఉత్తర ఐర్లాండ్ బయట ఈ సంగతి ప్రస్తావనకొచ్చిందే తక్కువ.

ఆ ముడి విప్పబోయి కుదుర్చుకున్న ఒప్పందం 585 పేజీలు. 2019 జనవరి 15న కామన్స్ దాన్ని 432-202తో తిప్పికొట్టింది. బ్రిటిష్ పార్లమెంటు ఆధునిక చరిత్రలో ప్రభుత్వానికి అంతటి ఓటమి లేదు. ఓడించినవాళ్లలో కొందరు అది యూరప్‌కు మరీ దగ్గరగా ఉందని కోపగించుకున్నవాళ్లు, ఇంకొందరు మరీ దూరంగా ఉందని కోపగించుకున్నవాళ్లు. మార్చిలో మరో రెండుసార్లు పెట్టారు, రెండుసార్లూ ఓడిపోయింది. మీకేం కావాలో మీరే చెప్పండని మార్చి 27న సభ్యుల ముందు ఎనిమిది ప్రత్యామ్నాయాలు ఉంచారు. ఎనిమిదీ ఓడిపోయాయి. ఏప్రిల్ 1న నాలుగు పెట్టారు. నాలుగూ ఓడిపోయాయి, కస్టమ్స్ యూనియన్‌లో ఉందామన్నది మూడంటే మూడు ఓట్ల తేడాతో పోయింది. ఎంపీలు మొండివాళ్లని, దద్దమ్మలని ఆనాటి పత్రికలు దుమ్మెత్తిపోశాయి. నేను ఆ ఓట్ల పట్టికలు చూసినప్పుడల్లా నాకు కనిపించేది వేరు. గమ్యం రాయని ఓటుకు ఆరు వందల యాభై మంది కలిసి గమ్యం వెతకబోయారు. ప్రజలు ఇచ్చిన తీర్పులో లేనిదాన్ని ప్రతినిధులు ఎక్కడి నుంచి తెస్తారు?

ఇంతకంటే లోతైన గాయం వ్యవస్థలకు తగిలింది. జవాబు రాసి లేనప్పుడు ఎవరో ఒకరు 'ఎలా?' అని అడగక తప్పదు. అలా అడిగిన ప్రతివాళ్లనీ ప్రజలకు అడ్డుపడేవాళ్లుగా చూపించారు. నోటీసివ్వాలంటే పార్లమెంటు చట్టం కావాలని హైకోర్టు చెప్పిన మర్నాడు, 2016 నవంబరు 4న, డైలీ మెయిల్ ముగ్గురు న్యాయమూర్తుల ఫొటోలు మొదటి పేజీలో వేసి ప్రజల శత్రువులని శీర్షిక పెట్టింది. తర్వాత సుప్రీంకోర్టు 8-3తో అదే చెప్పింది. బ్రసెల్స్‌లో బ్రిటన్ రాయబారిగా ఉన్న ఐవాన్ రోజర్స్ వాణిజ్య ఒప్పందానికి చాలా ఏళ్లు పట్టొచ్చని ప్రభుత్వాన్ని హెచ్చరించి, 2017 జనవరిలో పదవి వదులుకున్నారు. 2019లో ప్రధాని బోరిస్ జాన్సన్ పార్లమెంటును ఐదు వారాలు మూయించారు. అది చట్టవిరుద్ధమని సెప్టెంబరు 24న పదకొండు మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తేల్చారు. అదే నెలలో ఇరవై ఒక్కమంది సొంత పార్టీ ఎంపీలను జాన్సన్ బహిష్కరించారు. అందులో చర్చిల్ మనవడు ఒకరు, ఇద్దరు మాజీ ఆర్థికమంత్రులు.

వీటన్నిటికన్నా ముందు, ఓటింగుకు సరిగ్గా వారం ముందు, యార్క్‌షైర్‌లోని బిర్‌స్టల్‌లో ఎంపీ జో కాక్స్‌ను ఒక శ్వేతజాతి ఉన్మాది నడివీధిలో చంపాడు. ఆమె వయసు 41, ఇద్దరు చిన్నపిల్లల తల్లి. ప్రత్యర్థిని ద్రోహి అని పిలవడం మొదలైన చోట ఎవరో ఒకడు ఆ మాటను నిజమని నమ్ముతాడు.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ నిపుణుల తప్పు కూడా చెప్పాలి. ఓటు 'బయటికి' అని పడితే ఏడాదిలోనే మాంద్యం వస్తుందని, ఐదు లక్షల మంది నిరుద్యోగులవుతారని 2016 మేలో ఆర్థికశాఖ లెక్కగట్టింది. పౌండ్ ఒక్క రాత్రిలో మూడు దశాబ్దాల కిందటి స్థాయికి పడిపోయింది గానీ మాంద్యం రాలేదు, ఉద్యోగాలూ పోలేదు. ఆ ఒక్క అంచనా తప్పడంతో జనం మిగతా అంచనాలన్నిటినీ చెత్తబుట్టలో వేశారు. దీర్ఘకాలపు అంచనా మాత్రం నిజమవుతూ వస్తోంది. ప్రభుత్వం నుంచి స్వతంత్రంగా లెక్కలు కట్టే బడ్జెట్ బాధ్యత కార్యాలయం, దీర్ఘకాలంలో దేశ ఉత్పాదకత 4 శాతం తగ్గుతుందని, ఎగుమతులూ దిగుమతులూ సుమారు 15 శాతం తగ్గుతాయని లెక్కవేసింది. ఏళ్లు గడిచినా ఆ లెక్క మార్చుకోలేదు. దాదాపు మూడు లక్షల కోట్ల పౌండ్ల ఆర్థిక వ్యవస్థలో 4 శాతమంటే ఏటా పదకొండు వేల కోట్ల పౌండ్లకు పైమాటే. ఇది ఒక్కరోజున కూలిన గోడ కాదు కాబట్టి టీవీలో కనపడదు. పెరగాల్సిన జీతం పెరగదు. రావాల్సిన యంత్రం ఫ్యాక్టరీకి రాదు. ఆసుపత్రికి దక్కాల్సిన పన్ను వసూలు కాదు.

దగ్గర్నుంచి చూడాలంటే 2021 జనవరిలో స్కాట్లాండ్ రేవుల వైపు చూడండి. అంతకు ముందు నెల దాకా రాత్రి లారీకెత్తిన చేపలు మర్నాడు ఫ్రాన్స్ మార్కెట్లో ఉండేవి. ఇప్పుడు ఆ పెట్టెలకు పశువైద్యుడు సంతకం పెట్టిన ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, ఎవరు పట్టారో చెప్పే వేట పత్రం కావాలి, కస్టమ్స్ డిక్లరేషన్ కావాలి. ఒకే లారీలో పదిమంది చిన్న వ్యాపారుల సరుకు ఉంటుంది. అందులో ఒకరి కాగితంలో చిన్న తప్పు దొర్లితే లారీ మొత్తం ఆగిపోతుంది. ఆగిన చేప విలువ గంటగంటకూ పడిపోతుంది. ఆ నెల 18న కడుపు మండిన వ్యాపారులు లారీలను లండన్‌కు తోలుకొచ్చి పార్లమెంటు దగ్గర నిలబెట్టారు. అవతలి నుంచి వచ్చే సరుకుకు తనిఖీలు పెట్టడం బ్రిటన్ ఐదుసార్లు వాయిదా వేసింది. కొత్త సరిహద్దు ఏర్పాట్లకు కనీసం 470 కోట్ల పౌండ్లు ఖర్చవుతుందని 2024లో జాతీయ ఆడిట్ కార్యాలయం తేల్చింది. 2025 మేలో బ్రిటన్ ప్రభుత్వం, ఆహార తనిఖీలు తగ్గించడానికి యూనియన్ నిబంధనలనే మళ్లీ పాటిస్తామని ఒప్పుకుంది. ఆ నిబంధనలు రాసే బల్ల దగ్గర మాత్రం ఇప్పుడు దానికి కుర్చీ లేదు.

పోయినదానికి బదులుగా వచ్చినవీ ఉన్నాయి. అందులో పెద్దది మనకు సంబంధించినదే. 2025 జులై 24న భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందంపై సంతకాలు చేశాయి. ఆంధ్ర తీరం రొయ్యలకు అక్కడ సుంకం ఎత్తేయడం అందులో ఒక అంశం. ఆక్వా రైతుకు మంచిదే, నేను సంతోషిస్తాను. అయితే బ్రిటన్ ప్రభుత్వం తన సొంత లెక్కలోనే ఈ ఒప్పందం వల్ల దీర్ఘకాలంలో ఏటా 480 కోట్ల పౌండ్ల లాభం అంటోంది. జీడీపీలో 0.13 శాతం. పోయింది 4 శాతం. పసిఫిక్ దేశాల వాణిజ్య కూటమిలో చేరినందువల్ల వచ్చేది ఒక శాతంలో పదో వంతు కూడా లేదు.

వలసల మాట చూద్దాం. నిజానికి ఆ ఓటు వెనక ఎక్కువగా పనిచేసింది ఇదే. యూరప్ నుంచి వచ్చేవాళ్లు తగ్గారు. వాళ్ల స్థానంలో భారత్, నైజీరియా లాంటి దేశాల నుంచి వచ్చారు. 2023 నాటికి నికర వలస ఏడాదికి 9 లక్షలు దాటింది. ఓటు నాటి సంఖ్యకు రెండు రెట్ల పైన. అలా వెళ్లినవాళ్లలో మన పిల్లలు వేలమంది ఉన్నారు. చదువు తర్వాత రెండేళ్లు పనిచేసుకోవచ్చన్న వీసా 2021లో తెరిచారు. వృద్ధుల సంరక్షణ ఉద్యోగాలకు 2022లో తలుపులు తీశారు. జనం మళ్లీ భగ్గుమన్నారు. 2024 జనవరి నుంచి చాలామంది విద్యార్థులు కుటుంబాన్ని తెచ్చుకోకుండా నిషేధించారు. 2025 జులైలో సంరక్షణ ఉద్యోగాలకు బయటి నుంచి తీసుకోవడం మానేశారు. చదువు తర్వాతి వీసాను 2027 నుంచి పద్దెనిమిది నెలలకు కుదిస్తామన్నారు. హైదరాబాద్‌లో, గుంటూరులో ఇల్లు తాకట్టు పెట్టి పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు ఈ కుదుపులను రూపాయల్లో లెక్కపెట్టుకుంటున్నారు. తమది కాని తగాదాలో తమ పిల్లలు ఎందుకు నలుగుతున్నారో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

2025 జనవరిలో యూగవ్ సంస్థ సర్వే చేస్తే, బయటికి రావడం తప్పని 55 శాతం, సరేనని 30 శాతం అన్నారు. జనం పాఠం నేర్చుకున్నారని నేను ఊరట చెందాల్సింది. చెందలేకపోతున్నాను. అదే ఏడాది మేలో జరిగిన స్థానిక ఎన్నికల్లో భారీగా గెలిచింది బ్రెగ్జిట్‌కు సారథ్యం వహించిన ఫరాజ్ పార్టీయే. అనుకున్నది దక్కకపోతే, మనల్ని సరిగా బయటికి తేలేదు, ఇంకా ఏదో తాడు కట్టి ఉంది అనడం చాలా సులువు. ఆ మిగిలిన తాడుగా ఇప్పుడు మానవ హక్కుల ఒడంబడికను చూపిస్తున్నారు.

వాదన ఇది: ఇంగ్లిష్ చానల్‌లో చిన్న పడవల మీద వచ్చేవాళ్లను వెనక్కి పంపించకుండా, ఆ ఒడంబడిక అమలును చూసే స్ట్రాస్‌బర్గ్ కోర్టు అడ్డుపడుతోంది, కాబట్టి బయటికి పోవాలి. సాక్ష్యం ఏం చెబుతోంది? శరణార్థులను రువాండాకు పంపే పథకాన్ని 2023 నవంబరులో కొట్టేసింది బ్రిటన్ సుప్రీంకోర్టే. మానవ హక్కుల ఒడంబడిక ఒక్కటే ఆధారం కాదని, శరణార్థుల ఒప్పందం, చిత్రహింసల నిషేధ ఒప్పందం, దేశీయ చట్టాలు కూడా అదే చెబుతున్నాయని తీర్పులో రాసింది. 2018లో పడవల మీద వచ్చినవాళ్లు మూడు వందల లోపు. 2022లో 45 వేల పైన. కారణాలు చాలా ఉన్నాయి. ఒకటి మాత్రం స్పష్టం: శరణార్థిని అతడు మొదట అడుగుపెట్టిన యూరప్ దేశానికి తిప్పిపంపే డబ్లిన్ నిబంధన బ్రిటన్‌కు ఉండేది, యూనియన్‌తో పాటే పోయింది. అప్పుడు అది పోతుందని ఓటరుకు చెప్పినవాళ్లెంతమంది?

ఈసారి పోయేవేమిటో కూడా కాగితాల మీదే ఉన్నాయి. గుడ్‌ఫ్రైడే ఒప్పందంలో బ్రిటన్ ఇచ్చిన హామీ ఒకటుంది: మానవ హక్కుల ఒడంబడికను ఉత్తర ఐర్లాండ్ చట్టంలో చేరుస్తామని, ఉల్లంఘన జరిగితే పౌరుడు నేరుగా కోర్టుకు పోవచ్చని. పోలీసునూ ప్రభుత్వాన్నీ నమ్మని సమాజం తుపాకులు దించడానికి ఆ హామీ ఒక కారణం. కొందరు న్యాయనిపుణులు, ఆ హక్కులను ఉత్తర ఐర్లాండ్ వరకు వేరే చట్టంలో ఉంచవచ్చు, ఒప్పందం దెబ్బతినదు అంటున్నారు. వినదగిన వాదనే. ఆ చట్టం ముసాయిదా చూపించమనండి. డబ్లిన్ ఒప్పుకుంటుందా, బెల్‌ఫాస్ట్‌లో రెండు వర్గాలూ ఒప్పుకుంటాయా అడిగి చెప్పమనండి. రెండో సంగతి: 2020 డిసెంబరులో యూనియన్‌తో కుదిరిన వాణిజ్య, సహకార ఒప్పందంలో పోలీసు సహకారం, నేరస్థుల అప్పగింత ఒక భాగం. బ్రిటన్ మానవ హక్కుల ఒడంబడిక వదిలితే యూనియన్ ఆ భాగాన్ని రద్దు చేయవచ్చని, వదిలిన రోజునే అది ఆగిపోవచ్చని 692వ అధికరణ చెబుతోంది. వేలిముద్రల సమాచారం, డీఎన్ఏ సమాచారం, పారిపోయిన హంతకుడి అప్పగింత అందులో ఉన్నాయి. మనుషుల్ని పడవలెక్కించి డబ్బు చేసుకునే ముఠాలను పట్టుకోవడానికి కావలసింది కూడా ఆ సహకారమే.

ఉత్తర ఐర్లాండ్ ఇప్పటికే ఒకసారి ఈ భారం మోసింది. బ్రెగ్జిట్ ఏర్పాట్ల మీద అలిగి, బ్రిటన్‌తోనే ఉండాలనే పార్టీ డీయూపీ 2022 ఫిబ్రవరి నుంచి రెండేళ్లు అక్కడి ప్రభుత్వాన్ని నడవనివ్వలేదు. ఆసుపత్రుల్లో వెయిటింగ్ లిస్టులు పెరుగుతుంటే నిర్ణయం తీసుకునే మంత్రి లేడు. శాంతి ఇంకా లేత మొక్కే అని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

బ్రిటన్‌లో తదుపరి సాధారణ ఎన్నికలు 2029 ఆగస్టు మధ్యలోపు జరగాలి. మనలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కామన్వెల్త్ పౌరులుగా, చెల్లుబాటయ్యే వీసాతో అక్కడ నివసిస్తున్న భారతీయులకు ఆ ఎన్నికల్లో ఓటుంది. 2016 రెఫరెండంలోనూ ఉంది. అక్కడే ఇరవై ఏళ్లుగా ఉంటున్న ఫ్రెంచ్, పోలిష్ పౌరులకు లేకపోయింది. మీ పిల్లలు లెస్టర్‌లోనో లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉంటే ఓటరుగా నమోదు చేసుకోమని చెప్పండి. ఎవరికి వేయాలో చెప్పకండి, నేనూ చెప్పను. ఒడంబడిక నుంచి బయటికి పోదామని ఇంటి గుమ్మంలోకి వచ్చిన అభ్యర్థిని, ఉత్తర ఐర్లాండ్‌లో దాని స్థానంలో ఏం పెడతారో, పోలీసు సహకారం పోతే ఏం చేస్తారో రాసిన పత్రం ఓటింగుకు ముందే చూపించమని అడగమనండి. చూపిస్తే చదివి నిర్ణయించుకోవచ్చు. చూపించకపోతే, 2016లో అడగకుండా వదిలేసినదేమిటో ఆ అభ్యర్థికి గుర్తుచేయమనండి.